ఖుర్తుబా పేటిక

ఆంగ్లంలో ‘క్యాస్కెట్’ అంటే మొదట నగలు, ఉత్తరాలు దాచుకొనే చిన్న పెట్టె. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో అమెరికాలో ‘కాఫిన్’ అనే కఠినమైన మాటకు బదులు శవపేటికను కూడా ఇలా పిలవసాగారు. రచయిత నథానియల్ హాథార్న్ 1863లో వెలువడిన తన గ్రంథంలో ఈ వాడుకను ఏవగించుకున్నాడు. అయినా అది నిలిచిపోయింది.

ఈ మార్పు ఆంగ్లానికే పరిమితం కాదు. దివ్య ఖుర్ఆన్‌లో ‘తాబూత్’ అనే పదం రెండు చోట్ల వస్తుంది. శిశువైన హజ్రత్ మూసా (అలై)ను తల్లి నీటిలో విడిచిన పెట్టె ఒకటి (20:39). మూసా, హారూన్‌ల వంశీయులు విడిచి వెళ్ళిన వస్తువులు గల పెట్టె రెండవది (2:248). రెండూ శవపేటికలు కావు. ఉర్దూలో నేడు ‘తాబూత్’ అనగానే శవపేటికే స్ఫురిస్తుంది. తెలుగులోనూ నగలకు పేటికే, శవానికీ పేటికే.

ఈ రెండు అర్థాలనూ ఇంచుమించు ఒకే వస్తువులో చూపే ఉదాహరణ అందలుస్ (ముస్లిం స్పెయిన్) చరిత్రలో ఉంది. పదవ శతాబ్దిలో ఖుర్తుబా (కార్డోవా) రాజకుటుంబం కోసం దంతపు భరిణెలు, పేటికలు తయారయ్యేవి. ఖలీఫా రెండవ హకమ్ తన కుమారుని తల్లి సుబ్హ్ కోసం 964లో చేయించిన భరిణె మాడ్రిడ్‌లోనూ, ఆయన తమ్ముడు ముగీరా పేర 968లో చేసినది పారిస్‌లోని లూవ్ర్‌లోనూ ఉన్నాయి. న్యూయార్క్‌లో ఉన్న మరొక భరిణె కస్తూరి, కర్పూరం, అంబరు దాచడానికని దానిమీది రాతే చెబుతుంది. 976లో హకమ్ మరణించగానే, బాలుడైన హిషామ్‌కు పోటీ రాకుండా ముగీరాను చంపివేశారు.

హిషామ్ పేరుకే ఖలీఫా. అధికారమంతా హాజిబ్ అల్ మన్సూర్‌ది, ఆ తరువాత అతని కుమారుడు అబ్దుల్ మలిక్‌ది. ఈ అబ్దుల్ మలిక్ కోసం హిజ్రీ 395లో (క్రీ.శ. 1004-05) ఫరజ్ అనే శిల్పి, అతని శిష్యులు 19 దంతపు పలకలతో ఒక పేటిక చేశారు. అల్లాహ్ నామంతో మొదలయ్యే రాత అతనికి శుభాన్ని, సంతోషాన్ని, సత్కార్యాల ద్వారా ఆశల సాఫల్యాన్ని కోరుతుంది. అతని ‘అజల్’, అంటే మరణ ఘడియ, దూరం కావాలనీ ప్రార్థిస్తుంది.

అతడు 1008లోనే మరణించాడు. 1031లో ఖుర్తుబా ఖిలాఫత్ అంతమయింది. పేటిక ఉత్తరాన నవార్రాలోని లెయ్రె క్రైస్తవ మఠానికి చేరింది. అక్కడ అందులో నునిలో, అలోదియా అనే అక్కచెల్లెళ్ళ అస్థికలు ఉంచారు. తండ్రి ముస్లిం అయినా క్రైస్తవాన్ని విడువనందుకు, మతభ్రష్టత నేరం కింద 851లో వష్ఖా (హ్యుయెస్కా)లో వారికి మరణశిక్ష అమలయింది. ఆ శిక్ష ఖుర్తుబా పాలకుల చట్టం ప్రకారం పడింది. ఆ అస్థికలకు ఆశ్రయమిచ్చినది ఖుర్తుబా పాలకుని కోసం చేసిన పేటికే.

మఠవాసులు అరబీ రాతను చెరిపివేయలేదు. చర్చి నిధులలోని ఇటువంటి వస్తువులను కొందరు చరిత్రకారులు విజయచిహ్నాలంటారు. కొందరు పనితనం పట్ల గౌరవమంటారు. ఒకదానికోసం రెండవదాన్ని కాదనవలసిన అవసరం లేదు. అలాగే అందలుస్ వైభవాన్ని చెప్పేటప్పుడు ఆ ఇద్దరి మరణాన్ని దాచడమూ, ఆ మరణాన్ని చెప్పేటప్పుడు ఫరజ్ పనితనాన్ని మరవడమూ చరిత్రకు న్యాయం కాదు.

ముస్లిముల ఖననానికి సాధారణంగా పేటిక ఉండదు; కఫన్, మట్టి చాలు. నేల మరీ వదులుగానో తడిగానో ఉన్నప్పుడు ధర్మశాస్త్రవేత్తలు పెట్టెను అనుమతించారు. యజమాని అజల్ దూరం కావాలని కోరిన ఆ రాత మాత్రం పాంప్లోనాలోని నవార్రా మ్యూజియంలో నేటికీ చదవడానికి వీలుగా ఉంది.