పళ్లెం మీద గీత

ఆ కట్టెను కొంచెం లోపలికి తోయ్ రా అబ్బోడా, పొగొస్తా ఉండాది. చెనిక్కాయలు కాలినాయేమో చూడండి. ఏందిరా నీ చేతిలో? కొండ మీద దొరికిన పెంకా? ఇట్లియ్యి. చూడు, అంచున కుమ్మరాయన వేలి గీత అట్లే ఉండాది.

మన గుర్రంకొండ కోటను ఎవురెవురు ఏలిరో, 1791లో నిజాం దండూ ఇంగ్లీషోళ్లూ కలిసి ఎట్ల ముట్టడి వేసిరో పుస్తకాల్లో ఉండాది. ఆ గోడ మీద కాపలా కాసినోడు రాత్రికి ఏం తినె? ఎవురూ రాయలేదు. ఈ ఆలోచన నాకు కొండ మీద రాలేదు, సముద్రం అవతల వచ్చింది.

వయసులో మద్రాసు నుంచి సరుకు ఓడల్లో ఖలాసీగా పోతాంటి కదా. ఒగసారి ఇంగ్లండులో, పోర్ట్స్‌మౌత్‌లో మ్యూజియం చూస్తిమి. ఆడ మేరీ రోజ్ అని ఎనిమిదో హెన్రీ రాజు యుద్ధనౌక ఉండాది. 1545 జులై 19న రాజు ఒడ్డున ఉండి చూస్తా ఉండంగానే మునిగిపాయ. నాలుగు వందల మందికి పైగా ఎక్కింటే, బతికినోళ్లు నలభై మంది కూడా లేరు. 1982లో ఓడను పైకి లేపిరి. దాంట్లో దొరికిన సామాన్లు 19,000కు పైమాటే.

అందరూ ఫిరంగుల కాడికి పోయిరి. నేను పేల దువ్వెనల కాడ నిలబడిపోతి. ఎనభైకి పైన ఉండాయి! సిపాయి అయినా నావికుడు అయినా తల గోక్కోవాల్సిందే. పక్కన పాచికలు, పిడేలు. వైద్యుడి పెట్టెలో లేపనం డబ్బా, దాంట్లో ఆయన వేలు పెట్టి తీసిన గుర్తు. కొందరి పెట్టెల్లో మిరియాలు కూడా ఉండె. మన మలబారు మాదిరి దేశాల పంట అది, ఎంత దూరం పోయిందో చూడండి.

కొయ్య గిన్నెల మీద గీతలు ఉండె. చదువు రాని వాళ్లు ‘ఇది నాది’ అనేదానికి గీసుకున్న గుర్తులు. మన ఇండ్లలో బిందెలకూ చెంబులకూ పేర్లు కొట్టించుకోమా? అట్లే.

ఇంతా ఎట్ల మిగిలిందంటారా? నేల మీద మనిషి పోతే పనికొచ్చింది పంచుకుంటారు, అరిగింది పారేస్తారు. మునిగిన ఓడలో పంచుకునేదానికి ఎవురుండారు? ఆ పొద్దు ఏది యాడ ఉండెనో ఆడనే బురద కప్పేసింది.

మన తీరంలో మోటుపల్లి అని ఒగ రేవు ఉండె. పూర్వం గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, సరుకంతా రాజులు లాక్కునేవాళ్లు. కాకతీయ గణపతిదేవుడు అట్ల చేయనని, సుంకం మాత్రమే తీసుకుంటానని 1244 ప్రాంతంలో ఆడ అభయ శాసనం వేయించె. మంచి మాటే. దేనికి ఎంత సుంకమో దాంట్లో ఉండాది, గంధం, కర్పూరం అన్నీ. ఆ ఓడ నడిపినోడు ఏం తినెనో, ఏం ఆడుకొనెనో రాతిలో లేదు. అది చెప్పాలంటే వాడి గిన్నే చెప్పాల.

అందుకే అబ్బోడా, రేపు ఈ పెంకును తీసిన చోటే పెట్టిరా. యాడ దొరికిందో తెలియకపోతే సగం కత పోయినట్లే.

మా ఓడలో కూడా పళ్లేలన్నీ ఒగే మాదిరి. నాది తెలియాలని మేకుతో ‘గు’ అని గీసుకొనింటి, గుర్రంకొండ అని. మీ అవ్వ నాకు సంగటి పెట్టేది ఇప్పటికీ దాంట్లోనే. బూడిదేసి తోమి తోమి ఆ అక్షరం అరిగిపోతా ఉండాది.

ఒరే, ఆ మేకు యాడుందో చూడు.