హరితరేణువు: వరి ఆకులో, చెరకు ఆకులో

హరితరేణువు మొక్కల ఆకుపచ్చ కణాల్లో ఉండే సూక్ష్మాంగం. ఎండలోని శక్తిని పట్టి, నీటితోనూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తోనూ చక్కెరలు తయారుచేస్తుంది. ఆ క్రమంలోనే ఆక్సిజన్ వెలువడుతుంది. కృష్ణా డెల్టాలో చల్లపల్లి ప్రాంతం వరికీ చెరకుకూ పేరుపడ్డది. అక్కడి బియ్యంలోని పిండిపదార్థమూ, లక్ష్మీపురం చక్కెర మిల్లు గానుగాడిన చెరకులోని తీపీ ఈ రేణువుల్లో మొదలైనవే. కాకపోతే రెండు పైర్లలో పని జరిగే తీరు వేరు.

ఆకు కణాల్లోని పచ్చని రేణువులను 1837లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూగో ఫాన్ మోల్ వివరంగా వర్ణించారు. వెలుతురు తగిలితేనే వాటిలో పిండిపదార్థం పుడుతుందని 1860లలో యూలియస్ సాక్స్ చూపారు. ఆకు నుంచి వేరుచేసిన రేణువులు సైతం, తగిన రసాయనం కలిపి వెలుతురులో ఉంచితే ఆక్సిజన్ విడుదల చేస్తాయని 1937లో బ్రిటన్‌లో రాబిన్ హిల్ కనుగొన్నారు.

రేణువు లోపల పొరలు పొరలుగా థైలకాయిడ్‌లు ఉంటాయి. పత్రహరితం వాటిలోనే ఉండి కాంతిని పీల్చుకుంటుంది. చుట్టూ ఉన్న ఆవర్ణిక అనే ద్రవంలో రుబిస్కో అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెరల తయారీకి అందిస్తుంది. వరి ఆకులోని నత్రజనిలో ఎక్కువ భాగం ఈ రేణువుల్లోనే ఉంటుంది. నత్రజని చాలక పాలిపోయిన చేను యూరియా వేసిన కొద్దిరోజులకే పచ్చబడేది అందుకే. గింజ పాలు పోసుకునే వేళ కంకి కింది పోటాకు పచ్చగా నిలవాలి, ఎండ బాగా కాయాలి. వానకాలపు సార్వాలో మబ్బులు అడ్డుపడతాయి. నీరు అందిన ఏడు రబీలో వేసే దాళ్వా దిగుబడి సాధారణంగా మెరుగ్గా ఉండటానికి ఎండే ముఖ్య కారణం.

అయితే రుబిస్కోకు ఒక లోపం ఉంది. ఎండ ముదిరి వేడి పెరిగేకొద్దీ అది కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకోవడం ఎక్కువవుతుంది. వరి చేసిన పనిలో కొంత అలా వృథా అవుతుంది.

చెరకు ఈ చిక్కును దాటింది. దాని ఆకులో రెండు రకాల కణాల్లో రెండు రకాల హరితరేణువులు ఉంటాయి. పత్రాంతర కణాలు కార్బన్ డయాక్సైడ్‌ను ముందుగా నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి, ఈనెల చుట్టూ ఉన్న తొడుగు కణాలకు పంపుతాయి. అక్కడ కార్బన్ డయాక్సైడ్ మళ్లీ విడుదలై రుబిస్కో చుట్టూ దట్టంగా చేరుతుంది. ఆక్సిజన్‌కు చోటు తగ్గుతుంది. చెరకుపై 1965లో హవాయిలో కార్ట్‌షాక్ బృందం, 1966లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ ప్రచురించిన పరిశోధనలు ఈ సీ4 మార్గాన్ని వెలికితీశాయి.

తెలుగు నేల మీద ఈ పరిశోధనకు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కేంద్రమైంది. వి.ఎస్. రామదాస్, ఆయన సహచరులు పొన్నగంటి కూర ప్రజాతికే చెందిన రెండు మొక్కలు వరి పద్ధతికీ చెరకు పద్ధతికీ నడుమ ఉన్నాయని 1986లో నిరూపించారు. ఒక పద్ధతి నుంచి రెండో పద్ధతికి మొక్కలు ఎలా మారాయో అర్థం చేసుకోవడానికి ఇలాంటివే ఆధారం. చెరకు పద్ధతిని వరిలోకి తెచ్చే ప్రయత్నం ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నాయకత్వంలో 2008లో ఒక పెద్ద ప్రాజెక్టుగా రూపుకట్టింది.