మరణం లేని మందు – చైనా చరిత్ర చెప్పే పాఠం

బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ దాఖలు చేసుకునే మనకు ఆయుష్షు మీద ఆశ ఉండటం సహజమే. ఆ ఆశ చక్రవర్తులనూ వదలలేదనటానికి చైనా చరిత్రే సాక్ష్యం.

క్రీ.పూ. 221లో చైనాను ఒకే ఏలుబడి కిందికి తెచ్చిన చిన్ షి హువాంగ్, మరణం లేని మందు తెమ్మని షూ ఫూ అనే అతణ్ణి సముద్రం మీద పంపాడు. మందు రాలేదు. చక్రవర్తి క్రీ.పూ. 210లో, యాభై నిండకుండానే కన్నుమూశాడు. తరువాతి రాజులకూ కనువిప్పు కలగలేదు. పాదరసం, ఇంగిలీకం వంటి వాటితో చేసిన అమరత్వపు మాత్రలు మింగి తాంగ్ వంశపు రాజులు వూజోంగ్ 846లోను, షువాన్‌జోంగ్ 859లోను మరణించారు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. నాలుగవ శతాబ్దంలో గే హోంగ్ అనే పండితుడు ఇంగిలీకంతో, బంగారంతో మృత్యువును జయించవచ్చని పెద్ద గ్రంథం రాశాడు. ఆయనే సామాన్యులకు చవకగా దొరికే మూలికలతో అత్యవసర వైద్యానికి ఒక చిన్న పుస్తకం కూడా రాశాడు. చలిజ్వరానికి చింగ్‌హావో అనే మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. మరగబెట్టమనలేదు!

1971లో తూ యూయూ అనే శాస్త్రవేత్త ఈ కిటుకు గ్రహించారు. వేడికి మందు గుణం పోతున్నదని ఊహించి, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. అదే ఆర్టెమిసినిన్. లక్షలాది మలేరియా రోగులను కాపాడిన ఈ కృషికి ఆమెకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలోనూ ఫాల్సిపారం మలేరియాకు ఈ జాతి మందులే వాడుతున్నారు.

ఇక యౌవనం తిరిగి తెస్తాయని పేరుపడ్డ జిన్‌సెంగ్ వేరు, లింగ్‌ఝి పుట్టగొడుగు, తెల్లజుట్టును నల్లబరుస్తుందనే హె షౌ వూ దుంప మాటేమిటి? వీటిలోని కొన్ని పదార్థాలు ప్రయోగశాలల్లో పురుగుల, ఎలుకల మీద కొంత ఫలితం చూపిన మాట నిజం. మనిషి ఆయుష్షు పెంచినట్లు మాత్రం రుజువు లేదు. పైగా హె షౌ వూ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ పనితీరును జిన్‌సెంగ్ తగ్గించగలదు. కనుక బి.పి., షుగరు, గుండె మాత్రలు వేసుకునే మనవంటివారు ప్రకటనలు చూసి ఏ మూలికా సొంతంగా మొదలుపెట్టరాదు. డాక్టరుగారికి చెప్పాలి.

రాజులు కోరిన మందు రాజులనే చంపింది. సామాన్యుడి జ్వరానికి రాసిన చిట్కా, పరీక్షకు నిలిచి, లోకాన్ని బతికించింది. మూలికను గౌరవిద్దాం, రుజువు అడుగుదాం.