ఎనిమిది పండ్ల పాచి

చెరువులో తేలునదియు పాచియే, నూతిగట్టున పెరుగునదియు పాచియే యని మన వాడుక. శాస్త్రజ్ఞులకు రెండును వేరు జాతులు. చెరువు పాచికి ఆకులు లేవు, గట్టు పాచికి చిరుటాకులు గలవు. ఈ రెండవదానిని గూర్చియే నా ప్రసంగము.

దీనికి పువ్వు లేదు, గింజ లేదు. కావున ఒకదాని నుండి మరియొకదానిని పోల్చుట పూర్వులకు దుష్కరమయ్యెను. చెట్టుచేమల కెల్ల పేర్లు పెట్టిన లిన్నేయసు పండితుడే దీని కాయను పుప్పొడి తిత్తి యని భ్రమపడెను. 1730లో ట్రాన్సిల్వేనియాలో జన్మించి జర్మనీలో వైద్యము చేసిన హెడ్విగ్ సూక్ష్మదర్శినితో ఆ చిక్కు విడదీసెను. మూత యూడిన కాయ నోటి చుట్టు సన్నని పండ్లుండును. వాని తీరును బట్టి ఆయన పాచులను విభజించెను.

ఉష్ణదేశములలో తాటి, కొబ్బరి వంటి మ్రాకులపై నొక తెల్లని పాచి కలదు. దాని దళసరి యాకులో పచ్చని కణముల కిరువైపుల వెలితి కణములు పేర్చియుండును. ఎండినచో సున్నము పూసినట్లుండును. తెలుపును నమ్మినచో మోసపోవుదుము. నేడు లూకోబ్రియ మనబడు పాచియు నట్టిదే; దానికి పండ్లు 16, దీనికి 8. అందుచే హెడ్విగ్ దీనిని ఆక్టోబ్లెఫారమ్ ఆల్బిడమ్ అనెను: ఎనిమిది కనురెప్పలు గల తెల్లనిది. ఆయన 1799లో గతించెను. 1801లో వెలువడిన ఆయన గ్రంథమే పాచుల పేర్లకు నేటికిని ప్రమాణము.

మలబారు తీరమున నేనొక కొబ్బరి మ్రాను నుండి చిటికెడు గీకితిని. కాయలు లేవు. కాయలున్న కుచ్చు దొరకుటకు రెండు దినములు పట్టెను. భూతద్దము క్రింద లెక్కించితిని, ఎనిమిదే.