మోటుపల్లి అభయ శాసనం: వర్తకుని న్యాయభద్రత

మధ్యయుగంలో సముద్ర వర్తకునికి పొంచి ఉన్న నష్టాలు రెండు: ప్రకృతి వల్ల కలిగేది ఒకటి, రాజాధికారం వల్ల కలిగేది మరొకటి. మొదటిదానిని ధర్మశాస్త్రం లెక్కకట్టింది. అడవి దారిన పోయే వర్తకుడు తాను తెచ్చిన అప్పుకు నెలకు నూటికి పది, సముద్రయానం చేసేవాడు నూటికి ఇరవై వడ్డీ ఇవ్వాలని యాజ్ఞవల్క్య స్మృతి విధించింది. ప్రమాదం పెరిగినకొద్దీ వడ్డీ పెరుగుతుందన్నది ఇందులోని సూత్రం. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను ఆధారం చేసుకొని కేతన 13వ శతాబ్దంలో 'విజ్ఞానేశ్వరీయము' రచించాడు.

రెండవ నష్టానికి ఇటువంటి కొలత లేదు. దాని స్వరూపం అదే శతాబ్దానికి చెందిన మోటుపల్లి శాసనంలో స్పష్టమవుతుంది. నేటి బాపట్ల జిల్లాలోని ఈ రేవులో కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, దీనిని వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకునంతటినీ పూర్వరాజులు బలవంతంగా అపహరించేవారని శాసనమే పేర్కొన్నది. ధనం ప్రాణం కంటె ప్రియమైనదని గుర్తించి, దయతోను, కీర్తి కొరకు, ధర్మం కొరకు, 'క్లుప్త శుల్కం' తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నట్లు గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై ఆ శుల్కం ముప్పయ్యవ వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలు, పోకల వంటి సరుకులకు శుల్క వివరాలు కూడా అందులో ఉన్నాయి.

ఈ శాసనాన్ని చరిత్రకారులు ఎక్కువగా విదేశీ వాణిజ్య విస్తృతికి నిదర్శనంగా స్వీకరించారు. న్యాయపత్రంగా పరిశీలిస్తే 'క్లుప్త' అన్న విశేషణమే ఇందులో కీలకం. క్లుప్తమనగా ముందుగా నిర్ణయమైనది. పలు ఓడలున్న సంపన్నుడు ఒక ఓడ సరుకు పోయినా నిలదొక్కుకోగలడు. అప్పు తెచ్చి ఒకే ఓడలో సరుకు వేసిన సామాన్య వర్తకునికి అది సర్వనాశనమే. కడలి నుండి దక్కిన శేషాన్ని రాజు తీసుకొంటే ఋణం తీర్చే దారి కూడా మూసుకుపోతుంది. కనుక శుల్కం తక్కువగా ఉండటం కంటె, అది ముందే తెలిసి ఉండటం అతనికి ముఖ్యం. పైగా ఈ నియమం రాజధానికి పరిమితం కాలేదు. వర్తకుడు దిగే రేవులోనే శిలాక్షరమై నిలిచింది.

అయితే అభయం రాజుతో ముగిసిపోయే అవకాశం ఉంది. కాకతీయ రాజ్య పతనానంతరం, 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ హామీలిస్తూ శాసనం వేయించవలసి వచ్చింది. అందుచేత మోటుపల్లి శాసనాలను రాజుల ఔదార్యానికి సాక్ష్యాలుగా మాత్రమే కాక, వర్తకుని హక్కు రాజానుగ్రహంపై ఆధారపడిన దశకు సాక్ష్యాలుగా కూడా గ్రహించాలి. 'అభయం' అన్న పదమే ఆ దశను సూచిస్తున్నది. హక్కుగా సంక్రమించినదానికి అభయంతో పనిలేదు.