కొరివికారం మీద పడ్డ నింద

టబాస్కో సాస్ మనలో చాలామందికి తెలిసిందే. 1868లో లూసియానాలో ఎడ్మండ్ మెకిలెన్నీ అనే ఆయన మొదలుపెట్టాడు. సరుకులు మూడే: పండుమిరపకాయలు, ఉప్పు, వెనిగర్. మరి మన బెజవాడ వైపు కొరివికారంలో ఏముంటాయి? పండుమిరపకాయలు, ఉప్పు, చింతపండు. పులుపు మారిందంతే!

నిజానికి మిరపకాయ మనది కాదు, మెక్సికో ప్రాంతానిది. 1492లో మిరియాల దేశం వెతుక్కుంటూ బయల్దేరిన కొలంబస్‌కి దొరికింది మిరపకాయ. 1498లో పోర్చుగీసువాళ్ళు మన పడమటి తీరానికి దారి కనుక్కున్నాక, వాళ్ళ ఓడల్లో ఇక్కడికి చేరింది. అంటే శ్రీనాథుడు గోంగూరలో ఎండుమిరపకాయ వేసుకుని ఎరగడన్నమాట. ఆ రోజుల్లో కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలే. కొత్త కాయకి మిరియం పోలికతోనే పేరు పెట్టేసి మనదాన్ని చేసేసుకున్నాం.

ఇక నింద సంగతి. "అంత కారం తింటే కడుపులో పుండు పడుతుంది" అని ఎన్నిసార్లు వినలేదూ? 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అసలు దొంగని పట్టుకున్నారు: హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. దానికి 2005లో నోబెల్ కూడా వచ్చింది. నొప్పి మాత్రలు అతిగా మింగినా పుండు పడుతుంది. కారం పుండుని పుట్టించదు. కాకపోతే పుండో, గుండెమంటో ఉన్నవాళ్ళని బాగా బాధపెడుతుంది, అది వేరే విషయం.

మరి ఆ మంటేమిటంటారా? కాప్సైసిన్ మన నరాల్లో వేడిని పసిగట్టే సెన్సర్‌ని నొక్కుతుంది. ఏమీ కాలకపోయినా మెదడుకి "కాలుతోంది" అని మెసేజ్ వెళ్తుంది. ఒకరకంగా ఫాల్స్ అలారం! ఆ సెన్సర్‌ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు.

ఈ గొడవలో చప్పుడు చెయ్యకుండా తప్పించుకున్నది ఉప్పు. రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, మించొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మించితే బీపీ, దాని వెనకే గుండెజబ్బు, పక్షవాతం. పచ్చడిలో ఉప్పు దండిగా వేసింది రుచికే కాదు, ఏడాదంతా బూజు పట్టకుండా. అప్పుడు ఫ్రిజ్‌లు లేవు మరి. డెల్టా పొలాల్లో ఎండకి చెమటోడ్చేవాళ్ళ జాడీ లెక్కే, ఏసీలో కుర్చీకి అతుక్కుపోయిన మనమూ పాటిస్తున్నాం.

కాబట్టి కారం మానక్కర్లేదు. ఉప్పు తగ్గించి, కొంచెం కొంచెంగా నూరుకుని, ఫ్రిజ్‌లో పెట్టుకుని త్వరగా తినెయ్యండి. ఈసారి ఊర్నించి జాడీ వచ్చినప్పుడు మాత్రం, ముద్దకి ఎంత కలుపుతున్నారో ఓసారి చూసుకోండి. ఏమంటారు?