జముకు మోత, రెగే తాళం: రికార్డుకెక్కిన ధిక్కార కవిత్వం పుట్టుపూర్వోత్తరాలు

వాద్యపు లయ మీద పలికి, ధ్వనిముద్రణ చేసి జనంలోకి పంపిన నిరసన కవిత్వానికి ప్రపంచంలో ఎక్కువగా వినిపించే పేరు 'డబ్ కవిత్వం'. ఇది 1970 దశకంలో జమైకాలోను, లండన్‌లో స్థిరపడిన జమైకా వలస కుటుంబాలలోను రూపుదిద్దుకొన్నది. దీని మూలాలు ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడిన ప్రజల డోలు సంప్రదాయంలో ఉన్నాయి. ఇదే విధంగా అట్టడుగు జనుల వాద్యం, వాడుక భాష, పాలకులపై ధిక్కారం అనే మూడు అంశాలు పాత గంజాం జిల్లాలో, అంటే బరంపురం, ఛత్రపురం మొదలుకొని శ్రీకాకుళం వరకు 1936కు పూర్వం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతంలో, స్వతంత్రంగా కలిశాయి. అందువల్ల ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చదవడం అవసరం.

జమైకాలో రాస్తఫారీ మతస్థుల ప్రార్థన సభలలో మోగే న్యాబింగీ డోళ్లు మూడు రకాలు. పెద్ద డోలు నెమ్మదిగా మూలలయను మోస్తుంది, ఫుండే అనే రెండవ డోలు దానిని నిలకడగా నడిపిస్తుంది, రిపీటర్ అనే చిన్న డోలు పైన అల్లికలు అల్లుతుంది. కౌంట్ ఒస్సీ అనే వాద్యకారుని బృందం 1960లో 'ఓ కరోలినా' అనే పాటకు ఈ డోళ్లు వాయించడంతో అంతవరకు నగర మర్యాదస్తులు దూరం పెట్టిన వాద్యం గ్రామఫోను రికార్డుకెక్కింది. 1960 దశకం చివర పుట్టిన రెగే, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఖాళీలో గిటారు మీటును, అడుగున బాస్ గిటారు గంభీర నాదాన్ని ముందుకు తెచ్చింది. రికార్డుకు ఒకవైపు పాట, రెండవవైపు గాత్రం తీసివేసిన వాద్యభాగం ఉండే పద్ధతి అక్కడ వాడుకలోకి వచ్చింది. కింగ్ టబ్బీ అనే ధ్వని సాంకేతికుడు ఆ వాద్యభాగానికి ప్రతిధ్వనులు జోడించి, విరిచి, తిరిగి కూర్చి 'డబ్' అనే కొత్త ప్రక్రియగా మలిచాడు. గాత్రం ఖాళీ చేసిన ఆ చోటులో మొదట యు-రాయ్ వంటి మాటకారులు మైకు పట్టుకొని ఆశువుగా పలికారు, తరువాత కవులు ప్రవేశించారు.

ఆ కవులలో లింటన్ క్వేసీ జాన్సన్ ప్రముఖులు. 1952లో జమైకాలో జన్మించి, 1963లో లండన్ చేరిన ఆయన, యౌవనంలో నల్లజాతి హక్కుల ఉద్యమంలో పనిచేసి, డెనిస్ బోవెల్ అనే సంగీతజ్ఞుని సహకారంతో 1978లో 'డ్రెడ్ బీట్ అన్ బ్లడ్', 1979లో 'ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ', 1980లో 'బాస్ కల్చర్' అనే ఆల్బములను వెలువరించారు. అనుమానం ఉన్నదని చెప్పి ఎవరినైనా నిర్బంధించడానికి పోలీసులకు వీలిచ్చిన 1824 నాటి చట్టం నల్లజాతి యువకులపై ప్రయోగింపబడుతున్న కాలమది. జైలు నుంచి తల్లికి కొడుకు రాసే లేఖ రూపంలో ఆ చట్టాన్ని ఎండగట్టిన కవిత 1979 ఆల్బములో ఉంది. లండన్‌లో భారతీయులు అధికంగా నివసించే సౌతాల్‌లో, 1979 ఏప్రిల్ 23న, జాత్యహంకార పక్షపు సభకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో మరణించిన ఉపాధ్యాయుడు బ్లెయిర్ పీచ్‌పై రాసిన కవిత మరుసటి ఏటి ఆల్బములో చేరింది. జాన్సన్ సమకాలికులైన ఓకూ ఒనూరా, ముతబరూకా, మైకీ స్మిత్ జమైకాలోనే ఉండి ఈ ప్రక్రియను పెంచారు. వీరిలో మైకీ స్మిత్ 1983 ఆగస్టులో రాళ్ల దాడికి గురై మరణించారు. అట్లాంటిక్‌కు ఆవలి తీరాన, నైజీరియాలో, సంగీతకారుడు ఫేలా కూటీ యొరూబా లయలకు జాజ్ సంగీతాన్ని జోడించి 'ఆఫ్రోబీట్' సృష్టించి సైనిక పాలనను పరిహసించగా, 1977 ఫిబ్రవరిలో సైనికులు ఆయన నివాసాన్ని తగలబెట్టారు.

డబ్ కవుల భాష పాఠశాల ఇంగ్లీషు కాక, జమైకా ప్రజలు నోటితో పలికే క్రియోల్. దానిని కావ్యభాషగా నిలబెట్టడమే వారి తొలి తిరుగుబాటు. ఇటువంటి తిరుగుబాటు పాత గంజాంలో అంతకు ఆరు దశాబ్దాల ముందే జరిగింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి (1863-1940) జనం మాట్లాడే తెలుగును రాతలోకి తేవాలని వాదించారు, సవర గిరిజనుల భాషను నేర్చి దానికి నిఘంటువు, వ్యాకరణం కూర్చారు. నరసన్నపేట ప్రాంతపు గోనెపాడులో 1893లో జన్మించిన గరిమెళ్ళ సత్యనారాయణ, సహాయ నిరాకరణ కాలంలో తెల్లదొరతనాన్ని నిరాకరించే పాట కట్టి, నిషేధాన్ని, కారాగారవాసాన్ని ఎదుర్కొన్నారు. వీధివీధినా పాడుకొనడానికి అనువైన వరుస ఆ పాటకు ప్రధానబలం. నాటి గ్రామఫోను రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాలు మాత్రమే పట్టేది, దాని వెల సామాన్యునికి అందేది కాదు. కనుక గంజాం ధిక్కారగీతానికి చాలాకాలం జనం నోరే రికార్డుగా పనిచేసింది.

స్వాతంత్ర్యానంతరం ఈ ధిక్కారగీతానికి వాద్యం తోడైంది. జముకు అనేది ఒకవైపు తోలు బిగించి, ఆ తోలు నడుమ నుంచి తీగ లాగి, దానిని మీటి పలికించే చిన్న వాద్యం. తీగ బిగువును మార్చినకొద్దీ నాదం గర్జనగా, మూలుగుగా మారుతుంది. ఎల్లమ్మ వంటి గ్రామదేవతల కథలు చెప్పే జముకులవారి ఈ వాద్యాన్ని, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి రాజకీయ కథాగానానికి వాడుకొన్నారు. ఒడియా మాతృభాషగా గల కుటుంబంలో జన్మించి తెలుగులో రాసిన ఆయన, భూమి కోసం, భూస్వాముల ఆగడాల నుంచి విముక్తి కోసం సాగిన శ్రీకాకుళ పోరాటానికి జముకుల కథను ప్రచార సాధనం చేసి, 1969 డిసెంబరు 22న పోలీసు కాల్పులలో మరణించారు. పార్వతీపురం ప్రాంతపు పెదబొండపల్లిలో 1943లో జన్మించిన వంగపండు ప్రసాదరావు, విశాఖ ఓడల నిర్మాణశాలలో కార్మికునిగా పనిచేస్తూ, ఉత్తరాంధ్ర మాండలికాన్నీ జానపద వరుసలనూ కలిపి కార్మికుల, రైతుల, గిరిజనుల పాటలు కట్టారు. 1972లో ఏర్పడిన జననాట్యమండలిలో ఆయన, డప్పును ప్రధాన వాద్యం చేసుకొన్న గాయకుడు గద్దర్ కలిసి పాడారు.

ఈ పాటను రికార్డుకెక్కించిన సాధనం క్యాసెట్టు. ఫిలిప్స్ సంస్థ 1963లో పరిచయం చేసిన ఈ చిన్న పెట్టె, 1980 దశకంలో భారతదేశమంతటా చౌకగా లభ్యమైంది. దానిలో అరవై, తొంభై నిమిషాల ధ్వని పట్టడంతో మూడు నిమిషాల హద్దు చెదిరింది. ఏ ఇంటిలోనైనా మరొక ప్రతి తీసుకొనే వీలు ఉండడంతో నిషేధం కూడా పలుచబడింది. జమైకాలో రికార్డు రెండవవైపు చేసిన పనిని, తెలుగునేలపై క్యాసెట్టు వేరొక మార్గంలో చేసింది. అక్కడ ధ్వని సాంకేతికత కవికి చోటు చూపితే, ఇక్కడ అప్పటికే ఉన్న కవికి దూరాన్ని ఇచ్చింది.

రెగే, గంజాం పొరుగు కొండల పాట సూటిగా కలిసిన సందర్భం కూడా ఉంది. రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో బాక్సైట్ తవ్వకాలను, అల్యూమినా కర్మాగారాన్ని ఆదివాసులు ప్రతిఘటించగా, 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పులలో ముగ్గురు మరణించారు. ఆ ఉద్యమ నాయకుడు భగవాన్ మాఝీ పాట ప్రేరణగా కె.పి. శశి 'గావ్ ఛోడబ్ నహీ' అనే గీతచిత్రాన్ని తీశారు. 2010 దశకం ఆరంభంలో, ఢిల్లీ రెగే గాయకుడు తరు దాల్మియా భాగస్వామిగా ఉన్న 'వర్డ్ సౌండ్ పవర్' బృందం, పంజాబు దళిత గాయకుడు బంత్ సింగ్‌తో మొదట పనిచేసి, తరువాత కాశీపూర్ ప్రాంతపు కుచేయిపదర్ గ్రామ గాయకులతో 'బ్లడ్ ఎర్త్' అనే ధ్వనిముద్రణను రూపొందించింది. అక్కడ ఆదివాసుల గొంతూ డబ్ లయా ఒకే ముద్రణలో వినిపిస్తాయి.

ఛత్రపురం సమీపంలోని ఆర్యపల్లి వంటి తెలుగు మత్స్యకార గ్రామాలు ఈ చరిత్రకు అంచున కాక నడిబొడ్డున ఉన్నాయి. ఎందుకంటే 1936లో గీసిన రాష్ట్ర సరిహద్దు గీత ఒడియా, తెలుగు భాషల మధ్య పాలనను విడదీసింది గానీ, తీరం వెంబడి సాగిన పాటలను, వాద్యాలను విడదీయలేదు. లింటన్ క్వేసీ జాన్సన్ కవితలు 2002లో పెంగ్విన్ మోడరన్ క్లాసిక్స్ గ్రంథమాలలో చేరి, ఆ మాలలో స్థానం పొందిన తొలి నల్లజాతి కవిగా ఆయనను నిలిపాయి. పాత గంజాం పాటకు అటువంటి ఆదరణ ఇంకా దక్కవలసి ఉంది. క్యాసెట్టు టేపు మీది అయస్కాంతపు పూత కాలంతో రాలిపోతుంది కనుక, బరంపురం నుంచి శ్రీకాకుళం దాకా ఇళ్లలో మిగిలిన ఉద్యమ క్యాసెట్లను, జముకులవారి కథలను విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, తెలుగు సంఘాలు వెంటనే సేకరించి డిజిటల్ రూపంలో భద్రపరచాలి.